అడ్డుకేక

చెరువు అడుగున ఉన్న గంట ఒడ్డుకు చేరింది. ఇక దాన్ని పొద్దు గుంకేలోగా కొండ మీదికి చేర్చాలి.

కొండ పేరు గొర్రెకొమ్ము. దారి కూడా కొమ్ములాగే మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. శిఖరాన రాతి మండపం ఉంది. దాని దూలానికి గంటను వేలాడదీసి మోగిస్తే ఆ నాదం లోయ దాటి నీలవాడ నగరానికి వినబడుతుంది.

నీలవాడలో ఇప్పుడు మేలుకుని ఉన్నవాళ్ళు లేరు. మాంత్రికుడు ధూమకర్ణుడు గాలిలోకి బూడిద ఊదాడు. అది పడినచోటల్లా మనుషులు ఉన్నవాళ్ళు ఉన్నట్టే నిద్రపోయారు. కుమ్మరి సారె ముందు కుమ్మరి, గుర్రం మీద రౌతు, బావి దగ్గర చేద పట్టుకున్న ఆడవాళ్ళు. అంతఃపురంలో రాణి హేమాంగి వీణ మీదికి ఒరిగి నిద్రపోయింది. అమావాస్యనాడు పొద్దు గుంకేలోగా ఈ గంట నాదం విని లేవకపోతే అందరూ రాళ్ళయిపోతారు. అమావాస్య ఇవాళే.

ఆ బూడిద పడిన వేళ వేటకు వెళ్ళి ఉండడం వల్ల రాణి కొడుకు జయకేతుడు ఒక్కడే మిగిలాడు. అతని కోసం మాంత్రికుడి డేగలు ఆకాశమంతా గాలిస్తున్నాయి. అందుకని ముతక పంచె కట్టి, తలగుడ్డ చుట్టి, కేతయ్య మేస్త్రి అయ్యాడు. అతని ఖడ్గం గంట కింది చట్రంలో, గోనె చుట్టలో ఉంది.

గంట లాగడానికి కొలనుపాడు మోకు జట్టు వచ్చింది. పడవలను ఒడ్డుకీ, గుడి రాళ్ళను గుట్టల మీదికీ లాగడం వాళ్ళ తాతల నాటి పని. గంటను దుంగల చట్రం మీద కట్టారు. చట్రం కింద దొర్లడానికి మరికొన్ని దుంగలు. దారి పక్కన నాటిన గుంజలకు మోకు చుట్టు తిప్పి లాగుతారు. గుంజ దగ్గర గవరయ్య మోకు కొస పట్టుకుని ఉంటాడు. సింగమ్మ పాట అందుకుంటుంది. పాటకు తగ్గట్టు మిగతావాళ్ళు అడుగు వేస్తారు.

ఆ జట్టులో ఒక ఆచారం ఉంది. మోకు మీద చెయ్యి ఉన్న ఎవరైనా సరే, ఏదైనా తేడాగా అనిపిస్తే "అడ్డు" అని కేక వేయవచ్చు. కేక వినగానే గవరయ్య మోకును గుంజకు బిగిస్తాడు, అందరూ నిలబడిపోతారు. బిగించేదాకా ఎందుకని ఎవరూ అడగరు. తర్వాత ఒక పూట ఆ కేక నిజమవుతుంది, ఒక పూట ఉత్తిదవుతుంది. ఏదైనా సరే, కేక వేసినవాడికే మొదటి అంబలి ముంత.

మొదటి మలుపు దాటగానే ఓబన్న కేక వేశాడు. మోకు బిగిసింది. జయకేతుడు ముందు నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది?"

"మోకు గుర్రుమన్నట్టు వినబడింది మేస్త్రీ."

మోకంతా తడిమి చూశారు. ఏమీ లేదు. పక్క కంపలోంచి పూరేడు పిట్ట ఒకటి గుర్రుమని లేచి ఎగిరిపోయింది. జట్టంతా నవ్వింది, ఓబన్నతో సహా. సింగమ్మ కుండ మూత తీసింది.

"పట్టు ఓబా. పిట్ట పేరు చెప్పుకుని తాగు."

జయకేతుడు ఆమె చేతిలోంచి ముంత లాక్కున్నాడు. "తప్పు చేసినవాడికి మొదటి ముంతా?"

"తప్పుకి కాదు మేస్త్రీ, అరిచినందుకు. మాలో అంతే."

"మీలో ఎలాగైనా ఉండనీ. ఈ కొండ మీద నేను మేస్త్రిని." ముంత గవరయ్యకు ఇచ్చి, అందరికీ వినబడేలా ఓబన్నతో అన్నాడు. "పిట్టకూతకీ మోకుకీ తేడా తెలియని చెవులు మోకు మీద ఎందుకు? వెనక్కి పోయి దుంగలు మొయ్యి. ఇకనుంచి నేను ఆపమంటేనే ఆపాలి."

ఓబన్న మోకు వదిలి వెనక్కి వెళ్ళాడు. గవరయ్య ముంత తాగలేదు, కింద పెట్టాడు.

సింగమ్మ అడిగింది. "ఎందుకంత తొందర? గంటకేమన్నా ముహూర్తం పెట్టారా?"

"మీకెందుకు ఆ సంగతి? లాగండి."

లాగారు. ఆ తర్వాత ఒక్క కేకా లేదు. రెండో మలుపు, మూడో మలుపు గడిచిపోయాయి. వేళాకోళాలు ఆగిపోయాయి. సింగమ్మ పాటలో మాటలు పోయి ఊపు మాత్రం మిగిలింది. జట్టు దారికి వచ్చిందనుకున్నాడు జయకేతుడు. ముందు నిలబడి కర్ర ఊపుతూ, వేటకుక్కలను నడిపించినట్టు నడిపించాడు.

నాలుగో మలుపులో దారికి ఒక పక్క కొండగోడ, రెండో పక్క లోయ. అక్కడ మోకు పేట ఒకటి ఫట్‌మని తెగింది. రెండో పేట దాని వెంటే పోయింది. చట్రం వెనక్కి జారింది. గవరయ్య మోకును గుంజకు చుట్టబోయాడు. మోకు అతని అరచేతుల తోలు ఊడ్చుకుంటూ పోయింది. గంట ఒక పక్కకు ఒరిగింది. జయకేతుడు పైనుంచి దూకి చట్రం పట్టుకున్నాడు. చట్రం అతన్ని కూడా ఈడ్చుకుపోయింది. అతని కాళ్ళ కింద గులకరాళ్ళు లోయలోకి రాలాయి.

వెనక దుంగలు మోస్తున్న ఓబన్న భుజం మీది దుంగను చట్రం కిందికి తోసి, దాని మీద పడుకున్నాడు. చట్రం దుంగను ఢీకొట్టి ఆగింది. ఒక మూల లోయ మీదికి వేలాడుతోంది. గంట నాలుక ఒక్కసారి అంచుకు తగిలి, సన్నని నాదం చేసి ఊరుకుంది.

మోకును తిరిగి గుంజకు బిగించారు. జయకేతుడు తెగిన పేట చేతిలోకి తీసుకున్నాడు. అది అప్పుడే తెగింది కాదు. కింద రాతి అంచుకు ఒరుసుకుని, కొంచెం కొంచెంగా నలిగి ఉంది.

"ఇది ఎవరూ చూడలేదా?"

 చివరికి సింగమ్మే అంది. "నేను చూశాను. వెంకి చూసింది. ఈ పక్కన లాగేవాళ్ళందరం చూశాం."

"చూసి చెప్పలేదేం?"

"పిట్టకూతేమో అనుకున్నాం మేస్త్రీ."

జయకేతుడు పేట కింద పడేశాడు. ఎండ నడినెత్తి దాటింది. అతను ఓబన్న దగ్గరికి నడిచాడు. పొద్దున అందరి ముందూ అన్నాడు గనుక ఇప్పుడూ అందరి ముందే అన్నాడు.

"ఓబన్నా, పొద్దున నిన్ను మోకు మీదనుంచి తీసేయడం నా తప్పు. నీ నోరొక్కటే మూయించాననుకున్నాను, జట్టు నోరంతా మూయించాను. నీ చోటు నీది. వచ్చి మోకు పట్టు."

ఓబన్న లేచి భుజం తడుముకున్నాడు. "దుంగ మాత్రం ఎవరైనా అందుకోండర్రా. దీని మీద పడుకుంటే వొళ్ళు హూనమైపోయింది."

జయకేతుడు తలగుడ్డ విప్పాడు. లోపల ముడివేసుకున్న రాజముద్రిక కనబడింది. "నేను మేస్త్రిని కాను. రాణి హేమాంగి కొడుకుని. ఇవాళ పొద్దు గుంకేలోగా ఈ గంట మోగకపోతే నా తల్లి, ఆమెతోబాటు ఊరంతా రాయైపోతుంది. తొందర అందుకు. ఈ మాట పొద్దునే చెప్పాల్సింది."

సింగమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని అతన్ని పైకీ కిందికీ చూసింది. "నీలవాడ వీధిలో పూలమ్ముతుందే, నా అక్క కూతురు. నెల రోజులై దాని జాడ లేదు. మొగుడితో పోట్లాడి అలిగిందనుకుంటున్నాం. ఈ మాట ముందే చెబితే పొద్దున బయల్దేరేముందు అంబలి దగ్గర అంతసేపు కూర్చునేవాళ్ళమా బాబూ?"

"డేగలకు తెలుస్తుందని..."

"డేగల సంగతి సరే. మేం డేగలమా?"

జట్టులో ఎవరో పక్కున నవ్వారు. పొద్దున పిట్ట లేచాక మళ్ళీ నవ్వు వినబడడం అదే మొదలు.

"దండాలు పెట్టడాలూ అవీ తర్వాత," అంది సింగమ్మ. "ముందు మోకు పేనండి."

మోకు పేనారు. గవరయ్య చేతులకు ఆకుపసరు పూసి గుడ్డ చుట్టారు. గుంజ దగ్గర తనే ఉంటానని అతను పట్టుబట్టాడు. ఖడ్గం గోనెలోంచి తీయబోయి జయకేతుడు ఆగాడు, తలగుడ్డే తిరిగి చుట్టుకున్నాడు.

"నేనెక్కడ నిలబడాలి?"

"ఓబన్న వెనక. ముందు నిలబడితే మోకు కనబడదు, దారే కనబడుతుంది," అంది సింగమ్మ. ఆమె గొంతు సవరించుకుంది.

"మేస్త్రి మీసం మెలి తిరిగెరా, హైలెస్సా
కొండదారీ మెలి తిరిగెరా, హైలెస్సా
మీసం దువ్వితె గంటెక్కదురా, హైలెస్సా
మోకు పడితే గంటెక్కునురా, హైలెస్సా"

రాజకుమారుడు హైలెస్సా అన్నాడు. చట్రం కదిలింది.

మధ్యలో ఒక నల్లని నీడ మోకు మీదుగా పాకింది. జయకేతుడు "అడ్డు" అని అరిచాడు. మోకు బిగిసింది. పైకి చూస్తే డేగ కాదు, మబ్బుతునక. సింగమ్మ నవ్వకుండా ముంత నింపి అతని చేతికిచ్చింది. అతను జట్టు అందరి ఎదుటా అంబలి తాగి, మూతి తుడుచుకుని, మోకు పట్టాడు.

"మబ్బు తియ్యగా ఉందా బాబూ?" అన్నాడు ఓబన్న.

"పిట్టకంటే నయం."

కొండ మెడ దగ్గర దారి రెండుగా చీలింది. ఎడమ దారి రాళ్ళూ కంపా. కుడి దారికి నాపరాళ్ళు పరిచి ఉన్నాయి. ఇరువైపులా పొగడచెట్లు, చెట్ల నీడ, రాలిన పూలు. మండపం ఆ దారి చివరనే కనబడుతోంది. జయకేతుడు సూర్యుణ్ని చూశాడు. పొద్దు వాలిపోతోంది.

"కుడివైపు," అన్నాడు.

మొదటి దుంగ నాపరాళ్ళ మీదికి దొర్లబోతుండగా వెంకి కేక వేసింది. వెంకి జట్టులో కొత్తగా వచ్చిన పిల్ల. రోజంతా ఆమె గొంతు ఎవరూ వినలేదు. మోకు బిగిసింది. అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఎందుకో నాకూ తెలీదు," అంది ఆమె. "అడుగు పడనంటోంది."

ఆలస్యమవుతోందన్న మాట జయకేతుడి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి వంగి ఒక రాయి తీసి నాపరాళ్ళ మీదికి విసిరాడు. రాయి నాపరాళ్ళ గుండా లోపలికి పోయింది. పడిన చప్పుడు రాలేదు. రెప్పపాటులో పొగడచెట్లు పొగలా చెదిరిపోయాయి. దుంగ ముందు నేల లేదు. అడుగున ఎక్కడో ఏరు దారంలా కనబడుతోంది.

ఆ దారిన పొమ్మన్నది తనే. జయకేతుడు కుండ దగ్గరికి వెళ్ళి, ముంత స్వయంగా నింపి, రెండు చేతులతో వెంకికి ఇచ్చాడు. తర్వాత అందరూ ఎడమవైపు కంపలోకి దిగారు.

శిఖరం దగ్గర రాతి ద్వారం ఉంది. ద్వారం మీద కాపలా భూతం కూర్చుని ఉంది. పేరు కుంభనాసుడు. ముక్కు కడవంత, చెవులు చేటలంత, ఒక్కొక్క కన్ను బండిచక్రమంత. అది జట్టునూ గంటనూ చూసింది. జయకేతుడు గోనెలోంచి ఖడ్గం లాగాడు.

"ఆ కత్తెందుకు బాబూ, పక్కన పెట్టు," అంది భూతం. "నేను మిమ్మల్ని చూడలేదు."

"చూస్తూనే ఉన్నావుగా?"

"పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నా. మోకు తెగిందీ చూశా. చూడ్డం, పోయి చెప్పడం నా పని. కొట్టడం వేరేవాళ్ళ పని. ధూమకర్ణుడు చెబితే గానీ వాళ్ళు కదలరు. నేను చెబితే గానీ ఆయనకు తెలీదు." భూతం ముక్కు గోక్కుంది. "నేను చెప్పను."

"ఏం, ఎందుకని?"

"నాకంటే ముందు ఇక్కడ దీర్ఘదంతుడనే వాడుండేవాడు. చెరువులో గంటను ఎవరో వెతుకుతున్నారని పోయి చెప్పాడు. అదిగో." ద్వారం పక్కన మనిషంత ఎత్తు బొగ్గుకుప్ప ఉంది. "చెడుకబురు తెచ్చిన నోరు చెడ్డ నోరంటాడాయన. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఆ అవతలున్న ఆయన గుహలోకి పోయి, అంతా క్షేమం స్వామీ అంటున్నా. ఆయన సంతోషంగా ఉన్నాడు. నేనూ బతికున్నా."

జయకేతుడు బొగ్గుకుప్ప వైపు చూశాడు. తర్వాత ఓబన్న వైపు చూసి, ఖడ్గం దించాడు.

"ఆ కుండలో ఏంటది?" అంది భూతం.

"అంబలి," అంది సింగమ్మ. "తాగుతావా?"

భూతం ద్వారం మీంచి దిగి, వేళ్ళ కొసల మధ్య ముంత పట్టుకుని తాగింది. జట్టు మండపంలోకి గంటను ఎక్కిస్తుంటే పక్కనే గొంతుక్కూర్చుని, ఇందాక ఆ పిల్లకు ముంత ముందెందుకిచ్చారని అడిగింది. అడ్డుకేక సంగతి సింగమ్మ చెప్పింది.

"ఉత్తి కేకయినా ఇస్తారా?"

"ఇస్తాం."

"బొగ్గు చెయ్యరా?"

"బొగ్గయినవాడు రేపు మోకెలా లాగుతాడయ్యా?"

భూతం ఖాళీ ముంతను వేళ్ళ మధ్య తిప్పుతూ బొగ్గుకుప్ప వైపు చూసింది.

గంట దూలానికి ఎక్కింది. పొద్దు ఇంకా బారెడు ఉంది. మోకు కొసను గంట నాలుకకు కట్టారు. సింగమ్మ పాట ఎత్తింది. జట్టంతా ఒక్క ఊపున లాగింది.

నాదం మొదట కొండను తాకింది. రాళ్ళ సందుల్లోంచి పావురాలు గుంపుగా లేచాయి. ఆకాశంలో తిరుగుతున్న డేగలు ఉన్నచోటనే బూడిదై రాలాయి. నాదం లోయలోకి దిగి, ఏటి మీద అలలు లేపి, నీలవాడ కోటగోడ ఎక్కింది. సారె తిరిగింది, కుమ్మరి చేతిలో మట్టి కుండై లేచింది. గుర్రం సకిలించింది, రౌతు కళ్ళెం బిగించాడు. చేద బావిలో పడి దభీమంది. పూలబుట్ట ముందు ఒక ఆడమనిషి కళ్ళు నులుముకుని, వాడిన దండలు చూసి, మొగుణ్ని తిట్టడం మొదలుపెట్టింది. అంతఃపురంలో రాణి హేమాంగి తల ఎత్తి, ఆపిన చోటినుంచే వీణ మీటింది. నగరంలోని శంఖాలు ఒక్కటొక్కటిగా జవాబు పలికాయి. ఆ శంఖాల మోత కొండ మీద వినబడింది.

జట్టు మోకు వదిలి కింద కూలబడింది. గవరయ్య గుడ్డ చుట్టిన చేతులతో కళ్ళు తుడుచుకున్నాడు. సింగమ్మ జయకేతుడి వీపు మీద ఒక చరుపు చరిచి, చరిచింది రాజకుమారుణ్నని గుర్తొచ్చి, ఇంకొకటి చరిచింది.

అప్పుడు మండపం ముంగిలికి అవతలి గుహ తలుపులు బద్దలయ్యాయి.

ధూమకర్ణుడు బయటికి వచ్చాడు. చెవుల్లోంచి పొగ, చేతిలో కపాలదండం. కిందున్న నగరాన్నీ, పైనున్న గంటనూ, మండపంలోని మనుషులనూ మార్చి మార్చి చూశాడు.

"ఎవరూ చెప్పలేదే," అన్నాడు. "నాకెవరూ చెప్పలేదే."

జయకేతుడు ఖడ్గం తీసి ముంగిట్లోకి దూకాడు. మాంత్రికుడు కదలకుండా నిలబడి చూస్తున్నాడు. అతని పెదవి మీద నవ్వు మొలిచింది. జయకేతుడు పరుగందుకున్నాడు. ఖడ్గం ఎత్తాడు. మరొక్క అడుగు.

"అడ్డు."

ఆ గొంతు జట్టులోది కాదు. ఆ కేక ఎవరు వేశారో, ఎందుకు వేశారో జయకేతుడు చూడలేదు. ఎత్తిన పాదం ఎత్తినట్టే ఆపి, మడమ మీద వెనక్కి తూలి నిలబడ్డాడు. అతని ముందున్న రాతిపలక తనంతట తనే కిందికి దిగిపోయింది. దాని వెంట ముంగిలి సగం దిగిపోయింది. లోపలినుంచి మంట లేచి, అతని కనుబొమలు కాల్చి, మళ్ళీ లోపలికి పోయింది.

ధూమకర్ణుడి నవ్వు ఆగిపోయింది. ద్వారం దగ్గర నిలబడి, రెండు చేతులతో నోరు మూసుకున్న కుంభనాసుడి వైపు అతను తిరిగాడు.

"నువ్వా," అన్నాడు. కపాలదండం కొస ఎర్రబడింది.

జయకేతుడు గుంట అంచు వెంట పరుగెత్తి, భూతానికీ దండానికీ మధ్య నిలబడ్డాడు.

"సింగమ్మా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే, "కుండలో ఇంకా అంబలి ఉందా?"

"అడుగున ఉంది బాబూ."

"మొదటి ముంత కుంభనాసుడికి తీసిపెట్టు. వచ్చి తాగుతాడు."

మాంత్రికుడు దండం ఎత్తాడు. జయకేతుడి వెనక, గంటకు కట్టిన మోకును జట్టు నేల మీదనుంచి ఎత్తుకున్న చప్పుడైంది. సింగమ్మ గొంతు సవరించుకుంది.